పెరట్లో గడ్డికి ఏ మిషను కొనాలి?

జూన్‌లో నాలుగు వానలు పడితే చాలు, పద్మనాభం వైపు ఏ ఇంటి ముందు చూసినా పచ్చగా గడ్డే. పది రోజులు పట్టించుకోకపోతే చీలమండ దాకా వస్తుంది. నెల రోజులు వదిలేస్తే మోకాలి దాకా లేస్తుంది. పనిమనిషి అంట్లు తోముతుంది, ఇల్లు తుడుస్తుంది గాని గడ్డి జోలికి రాదు. నాట్ల కాలంలో కూలివాళ్ళు దొరకరు. ఇంట్లో మగవాళ్ళకి దొరికేది ఒక్క ఆదివారం. చివరికి కొడవలి పట్టుకుని వంగేది ఎవరంటే మనమే. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు అంటారు, "గడ్డి కోసే మిషను ఒకటి కొనేస్తే పోలేదూ?" అని.

కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. కాని మిక్సీ కొన్నంత తేలిక కాదిది. మిక్సీ ఎవరింట్లో పెట్టినా ఒకేలా పచ్చడి రుబ్బుతుంది. గడ్డి మిషను అలా కాదు. పక్కింటి వాళ్ళ స్థలంలో చక్కగా తిరిగేది మన దొడ్లో రెండు గజాలు పోయి మొరాయిస్తుంది. తీసుకెళ్ళి గోడకి జేరేస్తాం. అక్కడే తుప్పు పడుతుంది. అంత డబ్బు పోసి కొన్నది గోడకి అలంకారం కాకూడదంటే, కొట్టుకి వెళ్ళే ముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

మీది లానా, దొడ్డా?

మన అమ్మమ్మల కాలంలో వాకిట్లో గడ్డి మొలిస్తే నామోషీగా ఉండేది. తెల్లవారగానే చిమ్మి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టే చోట గడ్డిపోచ కనిపిస్తే ఆ ఇంట్లో ఆడదిక్కు లేదేమో అనుకునేవారు. పెరట్లో గడ్డి ఉన్నా పశువు మేసేది, లేదా పారతో చెక్కేసేవారు. ఇంటి ముందు గడ్డిని కావాలని పెంచి, నీళ్ళు పోసి, మళ్ళీ కోసుకోవడం బంగళాలతోపాటు మనకొచ్చిన అలవాటు.

గడ్డి మిషను పుట్టింది కూడా ఇంగ్లండులోనే. ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన 1830లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఉన్ని బట్టల మిల్లులో బట్ట మీద లేచిన నూగుని కత్తిరించి నున్నగా చేసే యంత్రం చూసి, ఇదే పద్ధతిలో గడ్డిని ఎందుకు కత్తిరించకూడదు అనుకున్నాడట. ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి. ఆ మిషను పుట్టింది నున్నని నేల మీద, ఒకే రకం గడ్డిని, సమంగా కత్తిరించడానికి. రాళ్ళూ, గుంటలూ, పిచ్చిమొక్కలూ ఉన్న దొడ్డి కోసం కాదు.

కాబట్టి ముందు మీ స్థలం చుట్టూ ఒకసారి తిరిగి రండి. నేల చదునుగా ఉండి, గరికో కొరియన్ గడ్డో వరసగా నాటి ఉంటే అది లాను. తుంగ, పల్లేరు, ఉత్తరేణి, అత్తిపత్తి, వయ్యారిభామ అన్నీ కలిసి లేస్తుంటే అది దొడ్డి. ఈ మధ్య సిటీ నుంచి వచ్చి మన మండలంలో స్థలాలు కొని ఇళ్ళు కట్టుకుంటున్నవాళ్ళ ఇళ్ళలో చాలా వరకు రెండూ ఉంటాయి. ముందు నాలుగు గజాల లాను, వెనకాల ఇసకా కంకరా మిగిలిపోయిన దొడ్డి. ఒకే మిషను ఆ రెంటికీ పనికిరావడం కష్టం.

కొలిచి చూసుకోండి

ఎంత స్థలం ఉందని అడిగితే అందరం ఇల్లు కట్టిన మొత్తం జాగా చెప్పేస్తాం. ఇల్లు, నుయ్యి, మెట్లు, సిమెంటు చేసిన భాగం అన్నీ తీసేసి, గడ్డి ఉన్న చోటు మాత్రమే టేపుతో కొలవండి. పొడవునీ వెడల్పునీ అడుగుల్లో హెచ్చిస్తే చదరపు అడుగులు వస్తాయి. ఒక సెంటు అంటే 435 చదరపు అడుగుల పైచిలుకు, గజాల్లో 48 పైన.

ఇప్పుడు చిన్న లెక్క. మిషను వెడల్పు 12 అంగుళాలు, అంటే ఒక అడుగు అనుకోండి. ఒక సెంటు గడ్డి కొయ్యాలంటే మీరు 435 అడుగులు నడవాలి. వరసకీ వరసకీ మధ్య గడ్డి మిగలకుండా కాస్త మీదమీదగా పోతాం కాబట్టి ఓ 550 అడుగులు వేసుకోండి. ఇది పెద్ద లెక్కలోది కాదు. అయిదు సెంట్లయితే దగ్గర దగ్గర 2,700 అడుగులు, అంటే 800 మీటర్ల పైన. పది సెంట్లయితే కిలోమీటరున్నర దాటుతుంది. అదీ ఎండలో, ఒక బరువుని తోస్తూ! అదే 18 అంగుళాల మిషనయితే ఈ నడకలో మూడో వంతు తగ్గిపోతుంది. అయితే మిషను బరువు పెరుగుతుంది. వెడల్పు ఎక్కువైతే నడక తక్కువ, తోపు ఎక్కువ. ఈ రెంటిలో మీకు ఏది నయమో మీ నడుమునీ మోకాళ్ళనీ అడగండి.

ఏ మిషను దేనికి?

చేత్తో తోసేది: దీన్ని రీలు మోవరు అంటారు. రెండు చక్రాల మధ్య గుండ్రంగా తిరిగే అయిదారు బ్లేళ్ళు, కింద కదలకుండా ఒక బ్లేడు ఉంటాయి. మధ్యలో పడ్డ గడ్డిని కత్తెరలా కత్తిరిస్తుంది. కరెంటు అక్కర్లేదు, పెట్రోలు అక్కర్లేదు, చప్పుడు తక్కువ. కోత నున్నగా వస్తుంది. ఒకటి రెండు సెంట్ల చదును లానుకి ఇంతకంటే మంచిది లేదు. కాని వారం పది రోజులకోసారి తప్పకుండా కొయ్యాలి. గడ్డి మూడంగుళాలు దాటితే బ్లేళ్ళ మధ్యకి రాకుండా వంగిపోతుంది. ఒక్క గులకరాయి పడినా బ్లేడు అంచు వంకర పోతుంది.

కరెంటుది: అడుగున ఒకే బ్లేడు ఫ్యానులా గిర్రున తిరుగుతుంది. కత్తెరలా కాక వేగంతో నరుకుతుంది. అందుకే నేల కొంచెం ఎగుడుదిగుడైనా, గడ్డి నాలుగైదు అంగుళాలున్నా సర్దుకుంటుంది. రెండు నుంచి అయిదు సెంట్ల దాకా బాగుంటుంది. కరెంటు ఖర్చుకి భయపడక్కర్లేదు. 1,500 వాట్ల మిషను అరగంట నడిస్తే ముప్పావు యూనిటు. అసలు ఇబ్బంది వైరుతో. చెట్లూ కుండీలూ ఎక్కువుంటే వైరు చుట్టుకుంటూ పోతుంది, బ్లేడు కింద పడితే తెగుతుంది. బోలెడన్ని మొక్కలున్న పెరట్లో వైరు మిషను పెట్టుకుంటే కొయ్యడం కంటే చిక్కులు విప్పుకోవడమే ఎక్కువవుతుంది.

బ్యాటరీది: వైరు బాధ లేదు, స్టార్టు చెయ్యడానికి తాడు లాగక్కర్లేదు. ఆడవాళ్ళకి చేతిలో ఇమిడే మిషను ఇది. చిన్న లానుకి సరిపోతుంది. ఒకసారి చార్జి చేస్తే ఎంతసేపు వస్తుందో, కొత్త బ్యాటరీ ఎంతకి దొరుకుతుందో కొనే రోజే అడగండి. నాలుగేళ్ళ తరువాత బ్యాటరీ దొరక్కపోతే మిగిలేది ప్లాస్టిక్ డొక్కే.

పెట్రోలుది: పెద్ద స్థలాలకి. బలం ఎక్కువ, బరువూ చప్పుడూ కూడా ఎక్కువే. ఇందులో రెండు రకాలున్నాయి. ఫోర్ స్ట్రోకు ఇంజనుకి ఆయిలు వేరేగా పొయ్యాలి. టూ స్ట్రోకుకి పెట్రోల్లోనే ఆయిలు కలపాలి. పుస్తకంలో 25కి 1 అని ఉంటే లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్లు, 50కి 1 అంటే 20 మిల్లీలీటర్లు. కషాయం కొలిచినట్టు కొలిచి పొయ్యాలి. ఉజ్జాయింపుగా పోస్తే ఇంజను పాడవుతుంది. స్టార్టు చెయ్యడానికి తాడు లాగడంలో ఉంది కిటుకంతా. కొట్లోనే మీరు స్వయంగా నాలుగుసార్లు లాగి చూడండి.

బ్రష్ కట్టరు: పొడుగాటి గొట్టం చివర నైలాను తాడో ఇనప బ్లేడో తిరిగేది. పొలాల గట్ల మీదా, రోడ్ల పక్కనా మనవాళ్ళు భుజానికి తగిలించుకుని కోస్తుంటారే, అదే. మోకాలెత్తు గడ్డికీ, పిచ్చిమొక్కలకీ, గోడ మూలలకీ ఇదే సరైనది. రెడ్డిపల్లి, పాండ్రంగి వైపు ఉండే పెద్ద దొడ్లలో చక్రాల మిషన్లు తిరగవు, ఇదే తిరుగుతుంది. అయితే పెట్రోలుతో నడిచే పెద్ద కట్టర్లు చాలా మట్టుకు ఆరేడు కిలోలకి తక్కువుండవు. బిడ్డని చంకనేసుకుని గంటసేపు ఊగుతున్నట్టే లెక్క. రాళ్ళు ఎగరేస్తుంది కూడా. అలవాటు లేనివాళ్ళు, నడుమునొప్పి ఉన్నవాళ్ళు దీని జోలికి పోకపోవడం మంచిది.

కొడవలి, బొరిగె: వీటిని తీసిపారెయ్యకండి. అర సెంటు జాగాకి మిషను దండగ. ముఖ్యంగా తుంగ, వయ్యారిభామ లాంటి వాటిని ఏ మిషనూ వదిలించలేదు. తుంగని పైన ఎన్నిసార్లు కోసినా అడుగున గడ్డలుంటాయి, మళ్ళీ లేస్తుంది. బొరిగెతో గడ్డతో సహా తవ్వి తియ్యాలి. వయ్యారిభామని పువ్వు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకి తొడుగులు వేసుకుని వేళ్ళతో సహా పీకాలి. 1950లలో పుణె దగ్గర కనిపించిన ఈ మొక్క ఇవాళ దేశమంతా పాకిందంటే కారణం దాని గింజలే. ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది. పువ్వు మీదుండగా మిషనుతో కోశారంటే మీరే విత్తనం చల్లినట్టు. ఒంటికి తగిలితే దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

కొనాలా, కోయించాలా?

మన వైపు జూన్ నుంచి నవంబరు దాకా గడ్డి జోరు. దొడ్డికి నెలకోసారి చొప్పున ఆరు కోతలు, వేసవిలో రెండు. ఏడాదికి ఎనిమిది. కట్టరు తెచ్చి కోసేవాళ్ళు మీ ఊళ్ళో ఒక్కసారికి ఎంత పుచ్చుకుంటారో కనుక్కుని ఎనిమిదితో హెచ్చించండి. మిషను ధర ఆ మొత్తానికి మూడు రెట్ల లోపుంటే కొనడం గిట్టుబాటు. అంతకన్నా ఎక్కువైతే కోయించుకోవడమే నయం. బేరం మాట్లాడేటప్పుడు గంటకా, మొత్తానికా, పెట్రోలు ఎవరిది అన్నది ముందే తేల్చుకోండి. గంట లెక్కయితే పని సాగుతుంది, మొత్తం లెక్కయితే మూలలు మిగిలిపోతాయి. ఏది మాట్లాడుకున్నా దగ్గరుండి చూసుకోవాలి.

లానుకి మాత్రం ఈ లెక్క కుదరదు. వారం పది రోజులకోసారి ఎవరొచ్చి కోస్తారు? లాను ఉన్నవాళ్ళకి సొంత మిషను ఉండాల్సిందే. లేదా ఆ లాను తగ్గించుకుని మల్లెలూ, నందివర్ధనాలూ, కరివేపాకూ వేసుకోవాలి. అందులోనూ సిగ్గు పడాల్సిందేం లేదు.

కొట్లో ఏం చూడాలి?

మిషను తోసేది ఎవరో ఆ మనిషే కొట్టుకి వెళ్ళాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆయన కొనుక్కొస్తారు, తోసేది మీరు. ఆయన ఎత్తుకి సరిపోయిన పిడి మీ గుండెల దాకా వస్తుంది, నడుం పట్టేస్తుంది. పిడి పట్టుకుని నిలబడితే మోచేతులు కొంచెం వంగి ఉండాలి, నడుం నిటారుగా ఉండాలి. పిడి ఎత్తు మార్చుకునే వీలుందో లేదో చూడండి.

తరువాత మిషనుని ఒకసారి పైకెత్తండి. మీ ఇంటికి మెట్లుంటే రోజూ మీరే ఎత్తాలి. గేటు వెడల్పు, పెట్టే చోటు వెడల్పు ముందే కొలుచుకుని వెళ్ళండి. వాన తడవని చోటు లేకపోతే ఏ మిషనూ మూడేళ్ళు నిలవదు. ఇక భీమిలి వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో తుప్పు సంగతి చెప్పక్కర్లేదు. కోత అయిన ప్రతిసారీ తుడిచి, బ్లేడుకి చుక్క నూనె రాయాలి.

రీలు మోవరయితే కొట్టువాణ్ణి ఒక కాగితం ముక్క అడగండి. చెయ్యి దూరంగా ఉంచి, కాగితం కొస బ్లేళ్ళ మధ్య పెట్టించి చక్రం మెల్లగా తిప్పించండి. కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా శుభ్రంగా తెగాలి. నలిగినా, చిరిగినా సెట్టింగు సరిగా లేదన్నమాట.

బ్లేడు, బెల్టు, నైలాను తాడు సిటీలో దొరుకుతాయా? బ్లేడు సాన పట్టేది ఎవరు? రిపేరుకి వాళ్ళు ఇంటికొస్తారా, మనం మోసుకెళ్ళాలా? ఈ మూడింటికీ జవాబు చెప్పని కొట్లో ఎంత తగ్గింపు ఇచ్చినా కొనకండి. ఇంటికి పార్సిలు వచ్చేలా తెప్పించుకునేవాళ్ళు కూడా ముందు ఈ మూడూ కనుక్కోండి.

కోసేముందు

మొదట స్థలమంతా తిరిగి రాళ్ళు, గాజుపెంకులు, తీగలు, పిల్లల బంతులు ఏరెయ్యండి. తడిగడ్డి మీద కరెంటు మిషను ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మంచు ఆరి, నేల పొడిబారాక మొదలుపెట్టండి. ప్లగ్గు పవర్ సాకెట్లో పెట్టాలి. టేబుల్ ఫ్యాను వైరు లాంటి సన్నవైరు వెయ్యకూడదు. షాకు తగలగానే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఇంట్లో లేకపోతే, మిషనుకంటే ముందు దాన్ని ఎలక్ట్రీషియనుతో పెట్టించండి. వైరుని భుజం మీద వేసుకుని, మిషను ఎప్పుడూ వైరుకి దూరంగా పోయేలా తొయ్యండి.

ఆ పూటకి చీర వద్దు. చున్నీ కూడా వద్దు. జడ ముడి వేసుకోండి, కాళ్ళకి చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. కట్టరు తిరిగేటప్పుడు కళ్ళకి అద్దాలు ఉండాల్సిందే. పిల్లలూ పశువులూ కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి. గడ్డి ఇరుక్కుంటే చెయ్యి పెట్టే ముందు కరెంటుదయితే ప్లగ్గు పీకండి, బ్యాటరీదయితే బ్యాటరీ తియ్యండి, పెట్రోలుదయితే ఆపి స్పార్కు ప్లగ్గు వైరు ఊడదియ్యండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు పెట్రోలు పొయ్యకండి.

ఎత్తుగా పెరిగిన గడ్డిలోకి నేరుగా దిగకండి. పొడుగాటి కర్రతో తడుతూ, కాసేపు ఆగి, అప్పుడు మొదలుపెట్టండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మన వైపు ఉన్నవే. ఒకవేళ కాటు పడితే గాయం కొయ్యడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు బిగించడం ఏవీ చెయ్యకండి. కాలు కదపకుండా పడుకోబెట్టి, 108కి ఫోను చేసి ఆస్పత్రికి చేర్చండి. మందు అక్కడే ఉంది, మంత్రంలో లేదు.

ఇంకో సంగతి. పొదల్లో, గుబురు గడ్డిలో కంటికి ఆనని పురుగు పిల్లలుంటాయి. అవి కుడితే కొందరికి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. గడ్డి పని చేసిన వారం పది రోజులకి జ్వరం, తలనొప్పి, ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్టు కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపిస్తే డాక్టరుతో "గడ్డి కోశాను" అని తప్పకుండా చెప్పండి. ముందుగా పోల్చుకుంటే మామూలు మందులతోనే తగ్గుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదకి వస్తుంది. పని అవగానే స్నానం చేసి, కట్టుకున్న బట్టలు వేడినీళ్ళలో నానబెట్టండి.

ఎంత ఎత్తుకి కొయ్యాలి?

నున్నగా గీసేస్తే చాలా రోజులు పెరగదని అనుకుంటారు. అది పొరపాటు. నేల కనిపించేలా గీస్తే గరిక ఎండిపోతుంది, ఆ ఖాళీలో కలుపు లేస్తుంది. ఏ కోతలోనూ గడ్డి ఎత్తులో మూడో వంతుకి మించి తియ్యకూడదు. గరికని అంగుళం, అంగుళంన్నర ఎత్తున ఉంచండి. ఎండాకాలంలో ఇంకో అర అంగుళం ఎక్కువే ఉంచితే నేల తడి ఆరదు. వినాయకచవితికి పూజలో పెట్టే గరికే లాను గరిక కూడాను, పరాయిది కాదు. మన ఎండకి తట్టుకునేది అదే. కొరియన్ గడ్డి మెల్లగా పెరుగుతుంది కాబట్టి కోత తక్కువ, కాని నాటడానికి ఖర్చెక్కువ.

కోసిన గడ్డిని పారెయ్యకండి. ఒక పూట ఎండబెట్టి వంగ, బెండ మొక్కల మొదట్లో రెండంగుళాల మందాన పరిస్తే నీళ్ళు తక్కువ పడతాయి, కలుపు రాదు. గింజ పట్టిన గడ్డి మాత్రం వెయ్యకండి. నైలాను తాడుతో కోసిన గడ్డిని పశువుకి పెట్టకూడదు. తాడు ముక్కలు తెగి అందులో కలుస్తాయి.

కార్తీక అమావాస్యకి అనంత పద్మనాభస్వామి కొండ మెట్లకి దీపాలు పెట్టే వేళకి మన ఇళ్ళు చుట్టాలతో నిండిపోతాయి. వానలూ అప్పటికి తగ్గుముఖం పడతాయి. ఆ పండక్కి పది రోజుల ముందు ఒక మంచి కోత వేసుకుంటే సంక్రాంతి దాకా పెద్దగా చూసుకోనక్కర్లేదు. మిషను కొనే ఆలోచన ఉన్నవాళ్ళు వచ్చే తొలకరి దాకా ఆగకండి. వానల్లో అందరూ ఎగబడతారు, తీరిగ్గా చూపించేవాడు ఉండడు. ఎండాకాలంలో టేపు పట్టుకుని కొలుచుకోండి, కాగితం మీద రాసుకోండి, ఆ కాగితం పట్టుకుని మీరే కొట్టుకి వెళ్ళండి.